సముద్రానికి ఎంత దూరంలో ఇల్లుండాలి?

విశాఖపట్నంలో ఇల్లు వెతుక్కునేవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "సముద్రం కనిపిస్తుందా?" బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, రిటైరయ్యాక స్థిరపడదామనుకునే దంపతులు, హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో ఫ్లాట్ చూడ్డానికి దిగినవాళ్లు, అందరిదీ అదే ప్రశ్న. బిల్డర్లకూ ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఒకే అంతస్తులో బాల్కనీ నుంచి నీలిరంగు కనిపించే ఫ్లాట్‌కి ఒక ధర, వెనకవైపు ఫ్లాట్‌కి ఇంకో ధర చెబుతారు.

ఆ ప్రశ్నను కొంచెం మార్చి అడగాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఇంట్లోంచి సముద్రం కనబడకపోయినా ఫర్వాలేదు. పొద్దున్నే లేచి భయం లేకుండా, అలసట లేకుండా అక్కడిదాకా వెళ్లి, ఆఫీసు టైముకి ఇంటికి రాగలమా? బ్యాటరీ సైకిల్ అందుబాటులోకి వచ్చాక, ఒకప్పుడు "అబ్బే, బీచికి చాలా దూరం" అనిపించుకున్న పేటలు కూడా ఈ ప్రశ్నకు "రాగలం" అని జవాబు చెబుతున్నాయి. అయితే ఆ జవాబును గుడ్డిగా నమ్మకూడదు. లెక్క వేసి చూడాలి, బండెక్కి తిరిగి చూడాలి.

ఏ బండి గురించి మాట్లాడుతున్నాం?

మన దగ్గర ఎలక్ట్రిక్ బైక్ అన్న మాటను మూడు రకాల బండ్లకు వాడేస్తున్నారు. మొదటిది రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేటు ఉండే బ్యాటరీ స్కూటర్ లేదా మోటార్‌సైకిల్. దీనికి లైసెన్సు, బీమా, హెల్మెట్ అన్నీ తప్పనిసరి. రెండోది గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో, 250 వాట్ల లోపు మోటారుతో నడిచే చిన్న స్కూటర్. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఈ హద్దుల్లో ఉన్న తేలికపాటి బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. మూడోది పెడల్ తొక్కుతుంటే మోటారు సాయం చేసే సైకిల్. వేగం 25 దాటినా, కాళ్లు ఆగినా ఆ సాయం ఆగిపోవాలి.

నేను ఎక్కువగా మాట్లాడేది ఈ మూడో రకం గురించే. సముద్రపు ఒడ్డున తిరగడానికైనా, ఒక పేటను పరిశీలించడానికైనా ఇంతకంటే సరైన వేగం లేదు. నడిస్తే దూరం చాలదు. కారులో వెళితే అద్దాల వెనక నుంచి వాసన, చప్పుడు, ఎత్తుపల్లాలు ఏవీ తెలియవు. సైకిల్ మీద అవన్నీ తెలుస్తాయి. మోటారు సాయం ఉంటుంది కాబట్టి విశాఖ ఉక్కలో కూడా చెమటతో తడిసిపోకుండా వెళ్లిరావచ్చు.

ఒక హెచ్చరిక. కొన్ని దుకాణాల్లో వేగ పరిమితిని తీసేసి 40, 45లో నడిచేలా మార్చి ఇస్తామంటారు. అలా మార్చిన మరుక్షణం అది చట్టం దృష్టిలో మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్, బీమా లేని మోటారు వాహనంతో ప్రమాదం జరిగితే భారమంతా నడిపినవాళ్ల నెత్తినే పడుతుంది. సైకిల్ బ్రేకులు, టైర్లు ఆ వేగానికి తగ్గట్టు తయారైనవీ కావు.

భీమిలి రోడ్డు ఏం చూపిస్తుంది?

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరం వెంబడి పాతిక కిలోమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. తెలుగునాట సైకిల్ మీద చూడదగ్గ దారుల్లో దీనికి నా లెక్కలో పెద్దపీట. కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర బయల్దేరితే లాసన్స్ బే కాలనీ, తెన్నేటి పార్కు, పైన కైలాసగిరి, తర్వాత జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ వస్తాయి. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఇంకా ముందుకెళితే ఎడమవైపు కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం ఉంది. రెండువేల ఏళ్ల నాటి ఆ శిథిలాలు నౌకాదళం కోసం సర్వే చేస్తున్నప్పుడు 1970లలో బయటపడ్డాయి. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం, ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు, చివరికి గోస్తని నది సముద్రంలో కలిసే భీమిలి.

ఎర్రమట్టి దిబ్బలను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గాలి, నీరు, సముద్ర మట్టంలో వచ్చిన మార్పులు వేల ఏళ్ల పాటు కలిసి చేసిన రూపం అది. మెత్తటి దిబ్బలు చక్రాల ఒత్తిడికి చెదిరిపోతాయి కాబట్టి సైకిల్ రోడ్డు మీదే ఆపి, నడిచి చూసి రావాలి.

ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఈ దారి ఇంకో సంగతి కూడా చూపిస్తుంది. సెలవు రోజు సాయంత్రం ఆర్కే బీచ్ పక్క వీధుల్లో పార్కింగ్ కోసం జరిగే పెనుగులాట, రుషికొండ దగ్గర టూరిస్టు బస్సుల రద్దీ, మత్స్యకార పేటల్లో తెల్లవారుజామునే మొదలయ్యే పని, రుషికొండ దాటాక రాత్రి ఏడున్నరకే సద్దుమణిగిపోయే రోడ్డు, ఒక్కోచోట తీరం బతుకు ఒక్కోలా ఉంటుంది. ఒకే సముద్రం పక్కన ఇన్ని రకాల ఇరుగుపొరుగులుంటారు. బ్రోచర్లో మాత్రం అన్నిటికీ ఒకే ఫొటో.

బ్యాటరీ లెక్క

సాధారణంగా బ్యాటరీ సైకిల్‌లో 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటుందనుకుందాం. రెండింటినీ గుణిస్తే 360 వాట్-అవర్లు. అంటే ఒక యూనిట్ కరెంటులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఛార్జర్‌లో పోయే నష్టం కలుపుకున్నా నిండా ఛార్జ్ చేయడానికి అర యూనిట్ చాలు. ఖర్చు రూపాయల్లోనే తేలిపోతుంది కాబట్టి అసలు లెక్క దూరానిది.

చదును రోడ్డు మీద పెడల్ తొక్కుతూ వెళితే కిలోమీటరుకు పది, పన్నెండు వాట్-అవర్లు ఖర్చవుతాయి. అంటే ముప్ఫై కిలోమీటర్లు. పేరుకే పెడల్ తిప్పుతూ భారమంతా మోటారు మీదే వేస్తే ఇరవైకే బ్యాటరీ చేతులెత్తేయవచ్చు. కాబట్టి ఆర్కే బీచ్ నుంచి భీమిలికి వెళ్లి రావడానికి ఒక్క ఛార్జింగ్ చాలదు. భీమిలిలో టిఫిన్ చేస్తూ రెండు మూడు గంటలు ఛార్జ్ చేసుకోవాలి, లేదా పెద్ద బ్యాటరీ కొనుక్కోవాలి. కంపెనీ చెప్పే దూరం తేలికైన మనిషి, చదును రోడ్డు, గాలి లేని వేళ, కొత్త బ్యాటరీ ఉన్నప్పటి లెక్క. అందులో మూడో వంతు తీసేసి మిగిలినదాన్ని నమ్ముకోవడం క్షేమం.

ఎత్తు ఎక్కడం ఇంకో ఖర్చు. మనిషి, సైకిల్, సంచి కలిపి 100 కిలోలనుకుంటే, 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి భౌతికశాస్త్రం ప్రకారం కనీసం 27 వాట్-అవర్లు కావాలి. మోటారులో పోయే నష్టాలు కలిపితే 35 దాకా అవుతుంది. అదే శక్తితో చదును మీద మూడు కిలోమీటర్లు వెళ్లవచ్చు. కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లు. అంత ఎక్కినా బ్యాటరీలో ఆరో వంతే ఖర్చవుతుంది. నిటారు రోడ్ల మీద అసలు ఇబ్బంది మోటారు తట్టుకోవడంలో ఉంది. వెనక చక్రంలో ఉండే చవక మోటారు నిటారు ఎక్కుడులో నెమ్మదించి వేడెక్కుతుంది. పెడళ్ల దగ్గర ఉండే మోటారు గేర్లను వాడుకుంటుంది కాబట్టి కొండ రోడ్లకు అది నయం. ధర మాత్రం ఎక్కువ.

తీరంలో తిరిగేవాళ్లు మరచిపోయేది గాలి. మన తీరం ఇక్కడ నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవి నుంచి వానాకాలం దాకా నైరుతి గాలులే ఎక్కువ. అంటే భీమిలి వైపు వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురొస్తుంది. ఇరవై వేగంతో వెళ్తున్న సైకిల్‌కి గంటకు పదిహేను కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే, గాలి అడ్డు మూడింతలవుతుంది. వెళ్లేటప్పుడు సగం కంటే ఎక్కువ బ్యాటరీ మిగిలింది కదా అని ధీమాపడితే, తిరుగు దారిలో సాగర్‌నగర్ దగ్గర సైకిల్ నెట్టుకోవాల్సి వస్తుంది. ఈ కాలంలో బయల్దేరేటప్పుడే ఎదురుగాలి తగిలే దిక్కుకు వెళ్లి, గాలివాటంగా ఇంటికి రావడం మేలు.

అరగంట దూరం ఎంత పెరిగింది?

ఇంటి విషయానికి ఈ లెక్కలు ఎందుకంటే, రోజూ ఒక చోటికి వెళ్లాలంటే మనిషి పెట్టగలిగే సమయం పరిమితం. చాలామందికి పోవడానికి అరగంట మించితే ఆ అలవాటు వారం తిరిగేసరికి పోతుంది. నడిస్తే అరగంటలో రెండున్నర కిలోమీటర్లు. బ్యాటరీ సైకిల్ మీద సిగ్నళ్లు, మలుపులు పోను ఎనిమిది కిలోమీటర్లు. దూరం మూడింతలు దాటింది కాబట్టి విస్తీర్ణం తొమ్మిదింతలు దాటుతుంది. ఇల్లు వెతకడానికి అంత ఎక్కువ నేల దొరికినట్టు.

విశాఖలో ఆ ఎనిమిది కిలోమీటర్ల వృత్తాన్ని పూర్తిగా గీయలేం. సగం సముద్రంలో పడుతుంది. మిగిలిన సగాన్ని కంబాలకొండ, సింహాచలం కొండలు కోసేస్తాయి. మ్యాప్‌లో నాలుగు కిలోమీటర్లున్న చోటికి రోడ్డు మీద ఏడు పడవచ్చు. అయినా సీతమ్మధార, అక్కయ్యపాలెం, ఎంవీపీ కాలనీల నుంచి ఆర్కే బీచ్, లాసన్స్ బే హాయిగా అందుతాయి. ఎండాడ, మధురవాడ, పీఎం పాలెం నుంచి రుషికొండ అందుతుంది, మధ్యలో ఎత్తు ఎక్కి దిగాలి, అంతే. గోపాలపట్నం, పెందుర్తి, గాజువాక వాళ్లకు మాత్రం రోజువారీ సముద్రం కష్టమే. అక్కడ ఇల్లు తీసుకునేవాళ్లు ఉద్యోగం, ధర, బడి చూసుకుని తీసుకోవాలి. ఆదివారం బీచికి కారులోనో బస్సులోనో రావాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. తెలిసి ఎంచుకోవడం ముఖ్యం.

ఇంకో విషయం దూరం కంటే ముఖ్యం. దారిలో అన్నిటికంటే చెడ్డ అరకిలోమీటరే మొత్తం దారి భవిష్యత్తును తేలుస్తుంది. మధురవాడ వైపు నుంచి సముద్రానికి రావాలంటే 16వ నంబరు జాతీయ రహదారిని దాటాలి. లారీలు, బస్సులు దూసుకొచ్చే ఆ కూడలిని పొద్దున్న ఆరింటికి దాటగలరా, ఎనిమిదింటికి దాటగలరా, మీ పన్నెండేళ్ల అమ్మాయిని ఒంటరిగా దాటనిస్తారా? ఈ మూడింటికీ "ఆ" అనగలిగితేనే సముద్రం మీ ఇంటికి దగ్గరున్నట్టు. సిగ్నల్, సబ్‌వే, వంతెన కింద దారి ఏదో ఒకటి ఉన్న కూడలికి దగ్గరగా ఇల్లు తీసుకోవడం, సముద్రానికి కిలోమీటరు దగ్గరగా తీసుకోవడం కంటే తెలివైన పని.

మరీ దగ్గరుంటే వచ్చే ఇబ్బందులు

సముద్రానికి కొంచెం దూరం జరగడంలో లాభమూ ఉంది. అలల తుంపర మోసుకొచ్చే ఉప్పు, ఒడ్డు నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఎక్కువగా పడుతుంది. బీచికి ఎదురుగా ఉన్న భవనాల కిటికీ ఊచలు, గేట్లు, ఏసీ బయటి యూనిట్లు చూడండి. తుప్పు ఎంత తొందరగా పడుతుందో కంటికే కనిపిస్తుంది. కాంక్రీటులోని ఇనుముకూ ఆ బెడద తప్పదు. ఫ్లాట్ ధరలో కనపడని మరమ్మతుల ఖర్చు ఇది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలికి చెట్లు కూలాయి, అద్దాలు పగిలాయి, రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేవు. ఆ దెబ్బ ఊరంతటికీ తగిలింది. సముద్రానికి ఎదురుగా అద్దాల గోడలతో నిలబడ్డ భవనాలకు ఇంకా గట్టిగా తగిలింది. ఒడ్డు కూడా నిలకడగా లేదు. 1970లలో కట్టిన అవుటర్ హార్బర్ గోడలు, దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట కదిలే ఇసుకను అడ్డుకుంటాయి. అందుకే డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తుంటారు. తీరానికి దగ్గరగా స్థలం కొనేవాళ్లు తీరప్రాంత నియంత్రణ మండలం నిబంధనలు కూడా చూసుకోవాలి. పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు కట్టడాల మీద ఆంక్షలుంటాయి. స్థలం ఆ మండలం పరిధిలో లేదని అమ్మేవాళ్లు నోటితో చెప్పడం చాలదు, కాగితం చూపించాలి.

దూరం జరిగితే అన్నీ మంచివే అని కూడా కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీదే కుప్పకూలిపోయారు. 1960లలో ఊరి బయట మొదలైన కర్మాగారం చుట్టూ దశాబ్దాల తరబడి ఇళ్లు లేచాయి. చవగ్గా దొరికే స్థలం పక్కన ఏముందో, గాలి ఎటు నుంచి వీస్తుందో తెలుసుకోవాల్సిన బాధ్యతను ఆ రాత్రి అందరికీ గుర్తు చేసింది. నౌకాశ్రయానికి దగ్గరున్న పాతబస్తీలో బొగ్గు ధూళి సంగతి అక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మేడ మీద ఆరేసిన బట్టలే చెబుతాయి.

ఇల్లు ఖాయం చేసే ముందు ఎలా తిరగాలి?

ఫ్లాట్ చూపించడానికి బ్రోకర్లు ఆదివారం పదకొండు గంటలకు రమ్మంటారు. ఆ వేళకి ఏ పేట అయినా ప్రశాంతంగానే ఉంటుంది. బ్యాటరీ సైకిల్ అద్దెకు తీసుకోండి, లేదా స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి. ఆ ఇంటి గుమ్మం నుంచి మీరు రోజూ వెళ్లాల్సిన చోట్లకు వేర్వేరు వేళల్లో వెళ్లి చూడండి.

తెల్లవారుజామున సముద్రానికి వెళ్లండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎంత బ్యాటరీ అయింది, వీధి కుక్కలు ఎక్కడ వెంటపడ్డాయి, దీపాలు లేని మలుపు ఎక్కడుంది, గుర్తుంచుకోండి. బడి వేళ తొమ్మిది గంటల లోపు పిల్లల బడికి, మీ ఆఫీసుకు వెళ్లండి. ఆటోలు, బడి బస్సులు నిండిన రోడ్డు మీద సైకిల్‌కి చోటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి వెళ్లండి. ఇంట్లో ఆడవాళ్లుంటే ఆ ప్రయాణం వాళ్లే చేసి చూడాలి. వాళ్ల మాటే చివరి మాట కావాలి.

వాన పడ్డ మర్నాడు తప్పకుండా వెళ్లండి. కొండల నుంచి దిగే నీళ్లు గెడ్డల గుండా సముద్రానికి పోవాలి. గెడ్డలు పూడిపోయి, ఆక్రమణకు గురైన చోట్ల ఆ నీళ్లు వీధుల్లోకి వస్తాయి. గోడల మీద తడి గుర్తు ఎంత ఎత్తున ఉంది, సెల్లార్లో మోటారుతో నీళ్లు తోడుతున్నారా, ఇవి ఆ ఒక్క రోజే కనిపిస్తాయి. ఎండాకాలంలో అయితే నీళ్ల ట్యాంకర్లు ఏ వీధుల్లో తిరుగుతున్నాయో చూడండి. వాచ్‌మన్‌ని, మూల మీద కిరాణా కొట్టు ఆయన్ని, ఇస్త్రీ బండి ఆవిణ్ని అడగండి: "ఏప్రిల్లో కుళాయి ఎన్నిసార్లొస్తుందండీ? బోరు ఉప్పగా ఉంటుందా?" తీరానికి దగ్గరగా ఎక్కువ బోర్లు తవ్వితే, భూగర్భంలోకి ఉప్పునీరు చొచ్చుకొస్తుంది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఏ బ్రోచర్లోనూ దొరకదు.

బండికి ఇంట్లో చోటు

చివరగా ఇంటి లోపల. సైకిల్ బ్యాటరీ రెండున్నర, మూడు కిలోలుంటుంది, ఊడదీసి పైకి తెచ్చుకోవచ్చు. స్కూటర్ అయితే చాలావాటికి సెల్లార్లోనే ప్లగ్ కావాలి. మీ పార్కింగ్ స్థలంలో మీ మీటర్ నుంచి ప్లగ్ ఇస్తారా, వాన నీళ్లు చేరే సెల్లార్లో ఆ ప్లగ్ ఎంత ఎత్తున ఉంది, అసోసియేషన్ ఏమంటుంది, అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.

2022లో బ్యాటరీ బండ్లు తగలబడ్డ ఘటనల తర్వాత కేంద్రం రిజిస్ట్రేషన్ ఉన్న బండ్ల బ్యాటరీలకు భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. ఏ బ్యాటరీకైనా పాటించాల్సిన జాగ్రత్తలు మాత్రం ఒకటే. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారాకే ఛార్జింగ్ పెట్టాలి. దాంతో వచ్చిన ఛార్జరే వాడాలి. రాత్రంతా పడక గదిలోనో, బయటికి వెళ్లే గుమ్మం దగ్గరో ఛార్జింగ్ పెట్టి నిద్రపోకూడదు. కింద పడి సొట్టపోయిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు. తీరంలో తిరిగే సైకిల్‌కి ఉప్పు మరో శత్రువు. వచ్చాక తడిగుడ్డతో తుడిచి, గొలుసుకు నూనె వేయాలి. పైపుతో నీళ్లు కొడితే కనెక్టర్లలోకి తేమ చేరి సైకిల్ పాడవుతుంది.

ఊరు చేయాల్సిన పని

ఇల్లు ఎంచుకోవడం ఒక కుటుంబం నిర్ణయం. ఆ నిర్ణయానికి ఎన్ని దారులు తెరిచి ఉంటాయన్నది ఊరి చేతిలో ఉంది. బీచ్ రోడ్డు అందానికి ఇప్పటికే చాలా ఖర్చయింది. ఇక డబ్బు పెట్టాల్సింది ఆ రోడ్డుకు చేరుకునే అడ్డదారుల మీద. హైవే కూడళ్ల దగ్గర సైకిళ్లు, పాదచారులు క్షేమంగా దాటే ఏర్పాటు, కాలనీల నుంచి తీరానికి దీపాలున్న, గుంతలు లేని వీధులు, బీచ్ దగ్గర సైకిల్ కట్టేసుకునే చోటు, నాలుగు ఛార్జింగ్ ప్లగ్గులు. ఇవేమీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

వీటివల్ల మేలు జరిగేది సైకిల్ ఉన్నవాళ్లకే కాదు. మధురవాడలో రెండు గదుల ఇంట్లో అద్దెకుంటున్న నర్సుకీ, ఎండాడలో చదువుకునే కుర్రాడికీ, సీతమ్మధారలో పింఛను మీద బతికే మాస్టారికీ రుషికొండ, ఆర్కే బీచ్‌లు అరగంట దూరంలోకి వస్తాయి. సముద్రం కనిపించే ఫ్లాట్లు కొన్ని వందల కుటుంబాలకే దక్కుతాయి, క్షేమంగా వెళ్లగలిగే రోడ్డు లక్షల మందికి దక్కుతుంది. కాబట్టి ఈసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బాల్కనీలో నిలబడే ముందు, ఆ ఇంటి నుంచి సముద్రం దాకా ఒకసారి తొక్కుకుంటూ వెళ్లి రండి. ఆ దారి బాగుంటే ఇల్లు తీసుకోండి. బాగులేకపోతే ఏ కూడలి దగ్గర బాగులేదో రాసి కార్పొరేటర్ చేతిలో పెట్టండి. మీకు కాకపోయినా, ఆ తర్వాత అక్కడికి వచ్చేవాళ్లకు అది పనికొస్తుంది.